గంటకు ఎన్ని విమానాలు దిగగలవు? లెక్క వేసే పద్ధతి

రాయగడలో టీకొట్టు దగ్గర విమానాశ్రయం మాట వస్తే చాలు, ఎవరో ఒకరు రన్‌వే పొడవు చెప్పి గంటకు ఇన్ని విమానాలు దిగుతాయని తేల్చేస్తారు. పొడవును బట్టి ఎంత పెద్ద విమానం దిగగలదో తెలుస్తుంది. ఎన్ని దిగగలవో తెలియదు. ఒకసారి నా చేతికొచ్చిన రిపోర్టులో ‘విమానం రన్‌వే మీద ఉండేది ఒక నిమిషం, కాబట్టి గంటకు 60’ అని రాసి ఉంది. ఆకాశంలో విమానాలు ఒకదాని తోక ఒకటి పట్టుకుని రావు బాబూ!

కావలసినవి కాగితం, పెన్ను, కాలిక్యులేటర్. ఎక్సెల్ వద్దు. అందులో తప్పు ఏ గడిలో దాక్కుందో దొరకదు.

ముందు రద్దీ గంటలో ఏ రకం విమానాలు ఎన్ని వస్తాయో రాసుకోండి. ఉదాహరణకు 10లో 7 జెట్లు, 3 ఏటీఆర్‌లు (ప్రొపెల్లర్లతో నడిచే చిన్న విమానాలు). దిగేటప్పుడు జెట్ వేగం 140 నాట్లు (నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు), ఏటీఆర్‌ది 120 అనుకుందాం. ఇవి నేలను బట్టి కొలిచే వేగాలు. ఎదురుగాలి 20 నాట్లుంటే 140 కాస్తా 120 అవుతుంది, లెక్క మారిపోతుంది.

తర్వాత రెండు విమానాల మధ్య ఉండాల్సిన కనీస దూరం. రాడార్ ఉన్నచోట 3 నాటికల్ మైళ్లో 5 మైళ్లో ఉంటుంది (ఇక్కడ మైలంటే ప్రతిచోటా నాటికల్ మైలే). పెద్ద విమానం వెనక గాలి సుడులు తిరుగుతుంది కాబట్టి చిన్నదాన్ని ఇంకా దూరంగా ఉంచాలి. ఒడిశాలోని జయపురానికి 2022లో మొదలైన 9 సీట్ల సెస్నా లాంటి చిన్న విమానం విశాఖలో ఏ320 జెట్ వెనక దిగాలంటే 5 మైళ్లు తప్పదు. మన ఉదాహరణలో అన్నిటికీ 5 తీసుకుందాం.

ఇక అందరూ బోర్లాపడేది ఇక్కడే. సగటు వేగం 134 నాట్లు, 5 మైళ్లకు 134 సెకన్లు, గంటకు 26 అని రాసేస్తారు. తప్పు. లెక్క వేయాల్సింది విడివిడి విమానాలకు కాదు, జంటలకు: ముందు ఎవరు, వెనక ఎవరు.

సాలూరు నుంచి సుంకి ఘాట్ ఎక్కినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. లారీ ముందు, కారు వెనక అయితే పైకి చేరేసరికి కారు లారీని అంటుకుంటుంది. కారు ముందు, లారీ వెనక అయితే మధ్యలో ఖాళీ పెరుగుతూనే పోతుంది. విమానాలకూ అంతే, కాకపోతే ఓవర్‌టేక్ ఉండదు. చివరి 6 మైళ్లు అందరిదీ ఒకే దారి అనుకోండి.

జెట్ వెనక జెట్: 5 మైళ్లకు 129 సెకన్లు (5 ÷ 140 × 3,600). ఏటీఆర్ వెనక ఏటీఆర్: 150. ఏటీఆర్ వెనక జెట్ అయితే ఖాళీ తగ్గుతూ వస్తుంది కాబట్టి ఏటీఆర్ రన్‌వే తాకే క్షణంలో 5 మైళ్లు మిగలాలి, అంటే మళ్లీ 129. జెట్ వెనక ఏటీఆర్ దగ్గరే జాగ్రత్త. జెట్ ఆ 6 మైళ్ల దారిలోకి వచ్చే క్షణంలోనే 5 మైళ్లు ఉండాలి. అక్కణ్నుంచి జెట్‌కు 154 సెకన్లు చాలు, ఏటీఆర్ మాత్రం 11 మైళ్లు రావాలి, 330 సెకన్లు. తేడా 176. ఈ ఒక్క జంటను 150 అని రాసి చేతులు దులుపుకునేవాళ్లను చాలామందిని చూశాను.

వరసకు ఓ క్రమం లేకపోతే 100 జంటల్లో జెట్-జెట్ 49, జెట్ వెనక ఏటీఆర్ 21, ఏటీఆర్ వెనక జెట్ 21, ఏటీఆర్-ఏటీఆర్ 9 వస్తాయి (0.7 × 0.7 = 0.49, అలా). ఒక్కో జంట సెకన్లను దాని వాటాతో గుణించి కలపండి: సగటు సుమారు 140. ఈ జంటల పద్ధతి నా సొంతమేం కాదు, 1959లో అమెరికా పరిశోధకుడు ఆల్‌ఫ్రెడ్ బ్లూమ్‌స్టీన్ రాసినదే. కంప్యూటర్ సిమ్యులేషన్ కావాలనేవాళ్లు కూడా ముందు చేత్తో ఇది వేయాలి. లేకపోతే కంప్యూటర్ తప్పు చెప్పినా తలూపుతారు.

పైలట్లూ కంట్రోలర్లూ గీత గీసినట్టు సరిగ్గా 5 మైళ్లు పాటించలేరు. నేను ప్రతి జంటకూ 20 సెకన్లు కలుపుతాను, మీరూ కలపండి. 160 అయింది. 3,600ను 160తో భాగిస్తే 22.5. పైకి సవరించకండి, 22 అనే రాయండి.

చివరగా రన్‌వే ఖాళీ అయ్యే సమయం చూడాలి. జెట్ నిమిషంలోపు పక్కకు తప్పుకుంటే ఇబ్బంది లేదు. కానీ టాక్సీవే (రన్‌వే నుంచి పక్కకు తప్పుకునే దారి) లేని చిన్న ఎయిర్‌స్ట్రిప్‌లో దిగిన విమానం చివరిదాకా పోయి, వెనక్కి తిరిగి అదే రన్‌వే మీదుగా రావాలి. దానికి 4 నిమిషాలు పడితే 160 మాట మర్చిపోండి, 240తో భాగించండి. 15 వస్తుంది.

ఇదంతా దిగేవాటికే. అదే రన్‌వే మీంచి ఎగిరేవి కూడా ఉంటే మధ్యమధ్య ఖాళీలు పెంచాలి. విశాఖలో అయితే అది నౌకాదళం ఎయిర్‌ఫీల్డ్, వాళ్ల విమానాలకు వదలాల్సిన గంటలు ఏవో ముందే కనుక్కుని, వాటిని పక్కనపెట్టాకే రోజు మొత్తం లెక్క వేయండి.