తడి చెత్తతో గ్యాస్: మొదటి రెండు నెలలు తొందరపడకండి

హైదరాబాద్ బోయిన్‌పల్లి మార్కెట్‌లో రోజుకు 10 టన్నుల కూరగాయల చెత్తతో బయోగ్యాస్ చేసి, దాంతో 500 యూనిట్ల దాకా కరెంటు తీస్తున్నారని విని, హనుమకొండలో మా కాలనీ వాళ్లం కూడా మొదలుపెట్టాం, కాకపోతే రోజుకు 50 కిలోలతో. ఇంత చిన్నదానికి జనరేటర్ దండగ, గ్యాస్ నేరుగా పొయ్యికి ఇచ్చేయండి. 50 కిలోలకు నాలుగైదు ఘనపు మీటర్లు వస్తుంది, ఇంటి పొయ్యి ఎనిమిది గంటలకు పైనే మండుతుంది. సిలిండర్ పొయ్యి మాత్రం వాడకండి, గ్యాస్ వచ్చే దాని జెట్ రంధ్రం చిన్నది. బయోగ్యాస్ పొయ్యి వేరేగా దొరుకుతుంది.

చెత్త కుళ్లి గ్యాస్ అయ్యే ట్యాంకు లెక్క సులువే: చెత్త 50 కిలోలు, నీళ్లు 50 లీటర్లు, లోపల 40 రోజులు నిలవాలి, అంటే 4,000 లీటర్లు. పైన గ్యాస్‌కు జాగా వేరే.

ముందు సగం పెండ, సగం నీళ్లు కలిపి నింపి, గాలి చొరకుండా మూసి మూడు వారాలు ముట్టుకోకండి. మీథేన్ అనే మండే గ్యాస్‌ను చేసే సూక్ష్మజీవులు పెండలోనే ఉంటాయి, అవి పెరగాలి. మొదట వచ్చే గ్యాస్‌లో ఎక్కువ భాగం కార్బన్ డయాక్సైడే, అంటుకోదు, బయటికి వదిలేయండి. మంట నిలబడ్డాక రోజుకు 5 కిలోలతో మొదలుపెట్టి వారం వారం పెంచాలి.

ఇక్కడే మేం దెబ్బతిన్నాం. గ్యాస్ వస్తుందన్న సంబరంలో ఓ ఫంక్షన్ హాల్‌లో మిగిలిన అన్నం, పప్పు అంతా ఒకేసారి పోశాం. మూడో రోజుకు పుల్లటి వాసన, మంట లేదు. పులుపు ఎంతుందో చెప్పే కొలత పీహెచ్ (తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 7 దగ్గర ఉండాలి, 6.5 కన్నా దిగితే ఆ సూక్ష్మజీవులు పని మానేస్తాయి. మేత, అంటే రోజూ వేసే చెత్త, ఆపి, కొద్దికొద్దిగా సున్నపు నీళ్లు, కొత్త పెండ వేసి, పది రోజులు ఆగితే గానీ దారికి రాలేదు.

బల్దియా ఆటోకు వేసే తడి చెత్తంతా పనికొస్తుందనుకోకండి. బొక్కలు, గుడ్డు పెంకులు, కొబ్బరి చిప్పలు, నిమ్మ తొక్కలు, ఉల్లి పొట్టు తీసేయాలి. బతుకమ్మ పూలు వేయొచ్చు గానీ కాడలు తుంచి వేయండి, లేకపోతే పైన తెట్టెలా కడుతుంది. ప్లాస్టిక్ కవరు ఒక్కటి పోయినా పైపులో ఇరుక్కుంటుంది.

పైపులో నీరు పట్టే బాటిల్ ఒకటి, కుళ్లిన గుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్‌ను పట్టడానికి ఇనుప రజను డబ్బా ఒకటి పెట్టండి. ఏం అడ్డుపడ్డా మనిషి ట్యాంకులోకి దిగొద్దు, ప్రాణం పోతుంది.

పుష్య మాసం చలికి గ్యాస్ తగ్గితే టెన్షన్ పడకండి, మేత కాస్త తగ్గించి గోరువెచ్చని నీళ్లతో కలపండి. గ్యాస్ పోయాక ట్యాంకు నుంచి బయటికొచ్చే పలుచని బురద లాంటి స్లర్రీకి అంతే నీళ్లు కలిపి మొక్కలకు పోయండి, మా దగ్గర దానికే ఎక్కువ గిరాకీ.