కథ రాద్దాం రండి – 7వ పాఠం: ఐసీయూ తలుపు బయట

పోయిన పాఠంలో మన జంటను కలిపాం: ఎదురెదురు జట్లలో ఆడుతూ, గుట్టుగా ప్రేమించుకుంటున్న ఇద్దరు. ఇద్దరూ నెల్లూరు నుంచి చెన్నై వచ్చి ఆడుతున్న వాళ్లు, వేర్వేరు అకాడమీలు. చాలామంది వాళ్లను పరుగుపందెం వాళ్లుగా రాసి పంపారు. ఆడవాళ్లూ మగవాళ్లూ ఒకే రేసులో పోటీపడరు, కాబట్టి అక్కడ పంతం కుదరదు. బ్యాడ్మింటన్ మిక్స్‌డ్ డబుల్స్ అయితే నెట్‌కు అటొకరు, ఇటొకరు. అతను కొట్టిన స్మాష్‌ను ఆమే తీయాలి. ఇద్దరి కోచ్‌లకూ పడదు. సంగతి బయటపడితే గెలిచినా ఓడినా అనుమానమే. అందుకే ఇంట్లో కూడా చెప్పలేదు.

ఈ వారం ప్రమాదం రాద్దాం. దానికి ఒక్క వాక్యం చాలు: "పూనమల్లి హైరోడ్డు మీద, వానలో, అతని బైక్ జారింది." లారీ లైట్లు, కెవ్వుమన్న కేక వద్దు. పాఠకుడు అవన్నీ ఎన్నోసార్లు చదివేశాడు. అతనికి చూపించాల్సింది, ఆస్పత్రి వరండాలో పైకి ఏడవడానికి కూడా వీల్లేని మనిషిని. అందుకే దృశ్యమంతా ఆమె వైపు నుంచే నడవాలి.

రాసేముందు చోటు తెలుసుకోండి. 108 అతన్ని సెంట్రల్ స్టేషన్ ఎదురుగా ఉన్న జీహెచ్‌కు, అంటే ప్రభుత్వ జనరల్ ఆస్పత్రికి, తెచ్చిందనుకుందాం. నెల్లూరు నుంచి రైల్లో వచ్చే తల్లిదండ్రులు దిగి రోడ్డు దాటితే చాలు. డబ్బు కోసం ఆమె చేత గాజులు తాకట్టు పెట్టించకండి. అది ప్రభుత్వాసుపత్రి. పైగా తమిళనాడులో 2021 డిసెంబరు నుంచి రోడ్డు ప్రమాద బాధితులకు మొదటి 48 గంటల చికిత్స ఒక పరిమితి వరకు ఉచితంగా అందించే పథకం ఉంది. ఇక్కడ టెన్షన్ డబ్బుది కాదు, ఒక ప్రశ్నది. లోపలికి వెళ్లబోతే సిస్టరు అడుగుతుంది: "నీంగ అవరుక్కు ఎన్న వేణుం?" మీరు ఆయనకు ఏమవుతారు అని. ఆ 'వేణుం' అనే మాటే తమిళంలో 'కావాలి' అనడానికి కూడా వాడతారు. చెన్నైలో బతికే తెలుగువాళ్లకు ఆ రెండర్థాలూ ఒకేసారి వినిపిస్తాయి. మీ నాయికకూ వినిపించాలి. జవాబు మాత్రం ఆమె నోట రాకూడదు.

ఆమెకు కబురు ఎలా తెలుస్తుంది? తలకు దెబ్బ తగిలినవాళ్ల స్పృహను డాక్టర్లు 3 నుంచి 15 వరకు అంకెల్లో కొలుస్తారు. 8, అంతకన్నా తక్కువ అయితే గాయం తీవ్రమైనదని లెక్క. తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఆమె చెవిన ఒక అంకె పడనివ్వండి. రాత్రి ఏడు, తెల్లారి తొమ్మిది. జీవితమంతా స్కోరు వింటూ పెరిగిన పిల్ల. అంకెలు చాలు, కన్నీళ్లు రాయనక్కర్లేదు.

ఇప్పుడు అసలు ఘట్టం. నేను రాసింది చూడండి:

తల్లి ఒళ్లో అతని కిట్ బ్యాగ్. జిప్పు తెగి, రాకెట్ పిడి బయటికొచ్చింది. గ్రిప్పు ఊడి వేలాడుతోంది. పక్కనున్న అమ్మాయి అడగకుండానే అందుకుని, కింది నుంచి బిగించి చుట్టడం మొదలుపెట్టింది.

"నువ్వెవరమ్మా?"

"అవతలి టీమండీ."

తల్లి ఆ వేళ్లనే చూస్తూ కూర్చుంది.

"మావాడిది కుడిచేతి వాటం. చిన్నప్పటి నుంచీ ఇటు తిప్పి చుట్టేవాడు. రెండేళ్లుగా అటు తిరిగి ఉంటోంది. ఎవరు చుడుతున్నారా అనుకున్నా."

ఆమె ఎడమచేతిలో టేపు ఆగిపోయింది.

"రాత్రి నుంచీ ఏమీ తినలేదు కదూ?" అంటూ తల్లి ఇడ్లీ పొట్లం విప్పింది.

ఎడమచేతి వాటం వాళ్లు మామూలుగా గ్రిప్పును ఎదురు దిశలో చుడతారు. గుట్టు బయటపెట్టింది అదొక్కటే. మీ కథకు మీ ఆటలోంచే ఇలాంటి వస్తువును వెతకండి, ఉంగరమూ ఉత్తరమూ వద్దు.

ఇంకొకటి, నాకు చాలా ముఖ్యమైనది. అతను కళ్లు తెరవగానే ఆమె పేరు పలికించకండి. తలకు గట్టి దెబ్బ తగిలినవాళ్లు మెల్లగా తేరుకుంటారు. అయోమయంలో ఉంటారు, ఒక్కోసారి చేతికున్న ట్యూబులు లాగేస్తారు. ప్రమాదమే కాదు, దానికి ముందు కొన్ని గంటలో రోజులో గుర్తుండకపోవచ్చు. అవి తిరిగి రాకపోవచ్చు కూడా. ఆ సాయంత్రం బైక్ ఎక్కే ముందు అతను "రేపు ఇంట్లో చెప్పేస్తా" అన్నాడనుకోండి. ఆ మాట ఇప్పుడు ఆమె దగ్గర మాత్రమే ఉంది. గుర్తుచేస్తే బలవంతపెట్టినట్టు, ఊరుకుంటే పోగొట్టుకున్నట్టు. వాళ్లిద్దరికీ అసలు పరీక్ష ఇది. దీనికి కనీసం రెండు పేజీలు ఇవ్వండి.

అభ్యాసం: అతను వార్డుకు మారిన నాలుగో రోజు. తల్లి కాఫీకని బయటికెళ్లింది. గదిలో ఇద్దరే. అతను అడుగుతాడు: "ఆ రోజు నేను ఎక్కడికి బయల్దేరాను?" ఆమె జవాబుతో మొదలుపెట్టి 300 మాటల్లో రాయండి. 'ప్రేమ' అనే మాట వాడకండి. 8వ పాఠానికి వచ్చేటప్పుడు అది మీ చేతిలో ఉండాలి. అతని కాళ్లు కోర్టు మీద ఇంకా తడబడుతున్న రోజులను అక్కడి నుంచే మొదలుపెడదాం.