చెస్ ఇంజిన్ ప్లస్ మూడు అంటే గెలిచినట్టేనా? డ్రా పొజిషన్ పట్టుకోడం ఎలా?

ఇంజిన్ అంటే ఎత్తులు లెక్కేసే ప్రోగ్రాం, వైట్ పైనుంటే ప్లస్ నంబర్ చూపిస్తుంది. సామాను పెద్దగా ఏం లేదు. లీచెస్ అనే చెస్ యాప్ ఉన్న ఫోన్, పక్కన మామూలు బోర్డు. బోర్డు మాత్రం తప్పనిసరి, స్క్రీన్ మీద బాణాలు చూసి ఆడేవాళ్ళకి పొజిషన్ అర్థం కాదు, అంతే.

1. పొజిషన్ పెట్టి రాజులతో కలిపి పావులు లెక్కెట్టండి. ఏడు, అంతకన్నా తక్కువైతే ఇంజిన్ని అడక్కండి, టేబుల్‌బేస్ చూడండి, అంటే ముందే లెక్కకట్టి పెట్టిన ఫలితాల పట్టిక. అక్కడ అంచనాలుండవు, గెలుపో డ్రానో తేలిపోయే ఉంటుంది. ఉదాహరణకి బ్లాక్ రాజు జీ8, బంటు ఎఫ్7, రూక్ (ఏనుగు) ఈ6, వైట్‌కి రాజు, మంత్రి. పాయింట్ల లెక్కలో వైట్ మూడు ఎక్కువ. కానీ రూక్ ఈ6 నుంచి జీ6కి, మళ్ళీ ఈ6కి తిరుగుతూనే ఉంటుంది, రెండు చోట్లా బంటు కాపలా, వైట్ రాజుకి లోపలికి దారి లేదు. దీన్నే ఫోర్ట్రెస్ అంటారు.

2. ఏడు దాటితే ఇంజిన్ ఆన్ చేసి నంబర్ రాసుకోండి. స్టాక్‌ఫిష్ అనే ఇంజిన్లో 2022లో వచ్చిన 15.1 వెర్షన్ నుంచి ప్లస్ ఒకటంటే బంటు ఎక్కువని కాదు, ఇంజిన్లు వాటిలో అవి ఆడుకుంటే గెలిచే ఛాన్స్ సగం అని.

3. అసలు పని ఇక్కడ, అందరూ పాడుచేసేదీ ఇక్కడే. డెప్త్ (ఎన్ని ఎత్తులు ముందుకు చూస్తుందో అది) పెరగనీ అని ఫోన్ పక్కన పడేసి గంటస్తంభం దాకా వెళ్ళి టీ తాగొచ్చినా ఫోర్ట్రెస్‌లో ఆ నంబర్ చాలాసార్లు అలాగే ఉంటుంది. ఇంజిన్ చూసే దూరంలో ఏదీ మారదు, మంత్రి ఉందిగా అని ప్లస్ చూపిస్తూనే ఉంటుంది. అందుకే ఎత్తులు ముందుకు ఆడించండి, రెండు పక్కలా ఇంజిన్ చెప్పిందే. నిజంగా గెలిచేదైతే ఓ పదిహేను ఎత్తుల్లో రాజు ముందుకెళ్తాడు, బంటు కదుల్తుంది, నంబర్ పెరుగుతుంది. మంత్రి అటూ ఇటూ తిరిగి నంబర్ ప్లస్ మూడు దగ్గరే కూర్చుంటే అనుమానించండి.

అనుమానమే, తీర్పు కాదు, తొందరపడొద్దు. ఇంకా బంటు తోసే ఎత్తులు, పావు ఇచ్చి గోడ పగలగొట్టే ఎత్తులు మిగిలుంటాయి, అవన్నీ బోర్డు మీద చేత్తో ఒక్కోటీ ఆడి చూడాలి. ఏదీ పనిచెయ్యకపోతేనే డ్రా అనండి.

ఇంకోటి. బంటు కదపకుండా, పావు తియ్యకుండా యాభై ఎత్తులైతే డ్రా అడగొచ్చు కదా, ఆ లెక్క దగ్గరపడేసరికి ఇంజిన్ ఉన్నట్టుండి ఒక బంటు ఇచ్చేస్తుంది. "అదిగో దారి దొరికింది" అని గంతులెయ్యకండి, డ్రా ఇష్టంలేక ఇచ్చింది. 2008లో గ్రాండ్‌మాస్టర్ నకమురాతో బ్లిట్జ్‌లో, అంటే కొద్ది నిమిషాల ఆటలో, రిబ్కా అనే ఇంజిన్ ఇలాగే పోయింది, మూసుకుపోయిన పొజిషన్లో నేనే పైన అనుకుని, యాభై ఎత్తుల డ్రా తప్పించడానికి తనే తెరిచి ఓడింది. పాత స్టాక్‌ఫిష్‌లో కంటెంప్ట్ అని సెట్టింగ్ కూడా ఉండేది, దాన్ని పెంచితే డ్రా అంటేనే నచ్చదు. మీ ఇంజిన్లో అదుంటే సున్నా పెట్టండి.

విజీనారంలో పిల్లల టోర్నమెంట్ అయ్యాక ఎవరో ఒకరు ఫోన్ పట్టుకుని వస్తారు. "ఏటి మాస్టారూ, ప్లస్ నాలుగంట, మావోడు డ్రాకి ఒప్పీసుకున్నాడు!" ప్లస్ నాలుగు సరే బాబూ, ఏ ఎత్తుతో లోపలికెళ్ళాలో అది చూపించమనండి అంటాను. ఫోన్ మంత్రిని మళ్ళీ ఏ4కి పంపిస్తుంది.

4. తేలింది స్కోర్ షీట్ వెనక రాసుకోండి.