కుక్కపిల్ల శిక్షణ – 3వ పాఠం: ఏ ముక్క పెట్టాలి, ఎంత పెట్టాలి

పోయిన పాఠంలో గుర్తుమాట అలవాటు చేశాం. "శభాష్" అన్న ఒక్క సెకనులోపు పిల్ల నోటికి బహుమానంగా తిండి ముక్క (ట్రీట్) అందాలని చెప్పుకున్నాం. ఆ ముక్క ఏదన్నది మాత్రం, అప్పటికి ఇంట్లో ఉన్నదానితో సరిపెట్టుకోమన్నాం. ఇక అలా కుదరదు. వచ్చే పాఠంలో "కూర్చో" మొదలవుతుంది. రోజుకు మూడు విడతలు, విడతకు పన్నెండు పదమూడు సార్లు అనుకున్నా 40 ముక్కలు ఖర్చవుతాయి. రోజూ 40 సార్లు కడుపులోకి వెళ్ళేదాన్ని కాస్త చూసి ఎంచుకోవాలి.

మన వైపు చాలా ఇళ్ళలో ముందుగా చేతికి తగిలేది గ్లూకోజ్ బిస్కెట్టే. ఒక్కోటి ఇంచుమించు 5 గ్రాములు, 20 కేలరీలకు పైనే. అందులో దాదాపు పావువంతు పంచదార. అయితే శిక్షణకు అది పనికిరాకపోవడానికి అసలు కారణం పంచదార కాదు, రాలే పొడి. బిస్కెట్టు ముక్క అందుకున్న పిల్లను దగ్గరగా గమనించండి. ఒకసారి కొరుకుతుంది, సగం కింద రాలుతుంది. తల దించి గచ్చు మీద పొడిని నాకుతుంది. అయిపోయాక కూడా ఇంకెక్కడైనా పడిందేమోనని వాసన చూస్తూ నాలుగడుగులు పక్కకు పోతుంది. పది పదిహేను సెకన్లు గడిచేసరికి తాను ఏం చేసినందుకు ఆ ముక్క దొరికిందో దానికి గుర్తుండదు. రస్కుతోనూ, మరమరాలతోనూ ఇదే తంటా. మరమరాల్లో కేలరీలు తక్కువే కానీ అంగిలికి అతుక్కుంటాయి.

కాబట్టి మంచి ముక్కకు కొలత ఇది: రెండు సెకన్లలో మింగేయాలి, నేల మీద ఏమీ మిగలకూడదు, మింగగానే పిల్ల తలెత్తి మీ మొహం చూడాలి. మెత్తగా, కాస్త తేమగా, వాసన ఉన్నదైతే ఈ మూడూ కుదురుతాయి. నాలుగు నుంచి ఆరు నెలల మధ్య పాలపళ్ళు ఊడి చిగుళ్ళు సలుపుతుంటాయి. అప్పుడు మెత్తదనం ఇంకా అవసరం.

సైజు విషయంలో అందరూ చెయ్యి జారతారు. 5 కిలోల లోపు పిల్లకు ముక్క శనగబద్దంత ఉంటే చాలు. లాబ్రడార్ లాంటి పెద్ద జాతి పిల్లకైనా బఠాణీ గింజను మించనక్కర్లేదు. మరీ చిన్నగా ఉందని జాలి పడకండి. పెద్ద ముక్క ఒకటి పెట్టడం కన్నా చిన్నవి అయిదు ఒకదాని వెనక ఒకటి పెట్టడమే పిల్లకు పెద్ద పండగ. చాలా బాగా చేసినప్పుడు ఇచ్చే బహుమానం కూడా అలాగే ఇవ్వాలి.

లెక్క

ట్రీట్ల ద్వారా వెళ్ళే కేలరీలు రోజు మొత్తంలో పదో వంతు దాటకూడదు. మీ పిల్లకు రోజు మొత్తం ఎంతో ఫోన్లో కాలిక్యులేటరు తీసి చూసుకోవచ్చు. బరువు కిలోల్లో తీసుకుని మూడుసార్లు గుణించండి (4 కిలోలైతే 4×4×4 = 64). వచ్చినదానికి వర్గమూలం, దానికి మళ్ళీ వర్గమూలం తీయండి (8, ఆ తర్వాత 2.83). 70తో హెచ్చించండి: 198. నాలుగు నెలల లోపు పిల్లకైతే దీనికి మూడు రెట్లు, నాలుగు నెలలు నిండాక రెండు రెట్లు. అంటే పది వారాల, 4 కిలోల పిల్లకు రోజుకు సుమారు 600 కేలరీలు, అందులో ట్రీట్లకు 60. అయిదు నెలల, 10 కిలోల పిల్లకు సుమారు 790, ట్రీట్లకు 80 లోపు.

ఇప్పుడు పోల్చి చూడండి. ఉడికించిన కోడి రొమ్ము మాంసం 100 గ్రాములకు 165 కేలరీలు. శనగబద్దంత ముక్క పావు గ్రాము తూగుతుందనుకుంటే 40 ముక్కలకు 10 గ్రాములు, అంటే 17 కేలరీలు. అదే సగం బిస్కెట్టు చొప్పున 40 సార్లు పెడితే 400 దాటుతుంది. ఆ రోజు పిల్ల గిన్నెలో అన్నం ముట్టకపోతే వింతేముంది?

ట్రీట్లుగా పెట్టినంత మేర గిన్నెలో తగ్గించాలి. ప్యాకెట్ తిండి తినే పిల్లకైతే 17 కేలరీలకు నాలుగైదు గ్రాముల గింజలు తీసేస్తే సరి. అన్నం తినే పిల్లకు అన్నమే తగ్గించండి, గుడ్డూ మాంసమూ తగ్గించకండి. 60 కేలరీల కోటా మొత్తం వాడిన రోజున 45 గ్రాముల అన్నం తగ్గించాలి. ఇక ప్యాకెట్ గింజలనే ముక్కలుగా వాడితే పదో వంతు హద్దు వర్తించదు. రోజు కొలతలోంచి పొద్దున్నే ఒక గుప్పెడు డబ్బాలో విడిగా తీసిపెట్టుకుని ఖర్చు పెట్టండి. ఇంట్లో చేయించే పనులకు చాలా పిల్లలకు ఇదే సరిపోతుంది. దుకాణం ట్రీట్లకు డబ్బు పోసేముందు వారం రోజులు ఇది చేసి చూడమని మా సలహా. ప్యాకెట్లలో దొరికే గట్టి కర్రలు, తోలు ఎముకలు నమలడానికి ఉద్దేశించినవి. శిక్షణలో వాటికి చోటు లేదు.

మన వంటింట్లోంచి

కోడి: తోలు తీసిన రొమ్ము ముక్క 100 గ్రాములు, మునిగేలా నీళ్ళు, ఉప్పు లేకుండా సన్నటి మంట మీద 15 నిమిషాలు. చల్లారాక పోగుల వెంట చీల్చకండి. పోగులకు అడ్డంగా కోయండి. చీల్చిన పోగు పళ్ళ మధ్య ఇరుక్కుంటుంది, పిల్ల దాన్ని తీసుకునే పనిలో పడుతుంది. ముక్కల తడి గుడ్డతో అద్ది డబ్బాలో వేయండి. ఉడికిన నీళ్ళు పారబొయ్యక్కర్లేదు, పిల్ల అన్నంలో కలపొచ్చు. తోలూ కొవ్వూ మాత్రం వద్దు. కొవ్వు ఎక్కువైతే విరేచనాలు మొదలవుతాయి, ఒక్కోసారి క్లోమం వాచేదాకా పోతుంది.

శాకాహారం వండే ఇంట్లో పన్నీరు వాడొచ్చు. పాలు విరగ్గొట్టి గుడ్డలో కట్టి గంటసేపు బరువు పెడితే ముక్కలు కోయడానికి వీలుగా గట్టిపడుతుంది. లాక్టోజు చాలావరకు విరుగుడు నీళ్ళతో పోతుంది కనుక, పాలు పడని పిల్లల్లో కొన్నింటికి పన్నీరు పడుతుంది. కానీ కొవ్వు ఎక్కువ, రోజుకు 10 గ్రాములు దాటొద్దు. చిలగడదుంప ఆవిరి మీద ఉడికించి, చల్లారాక కోస్తే ముక్క నిలుస్తుంది. వేడి మీద కోస్తే ముద్దయిపోతుంది. గట్టిగా ఉడికించిన గుడ్డులో తెల్లసొన బాగానే ఉంటుంది, పచ్చసొన పొడి రాలి మళ్ళీ బిస్కెట్టు కథే.

ఎండు నెత్తళ్ళ (చిన్న ఎండుచేపల) గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి. భావనపాడు, కళింగపట్నం, ముక్కాం వైపు తీరం ఇళ్ళకు ఇంతకన్నా వాసనున్న, చవకైన ముక్క లేదు. ఉప్పు వేసి ఆరబెట్టినవి వద్దు, ఎంత నానబెట్టినా ఉప్పు పూర్తిగా వదలదు. ఉప్పు లేకుండా ఎండినవే అడిగి తీసుకోండి. వాటితో వచ్చే చిక్కు ఇసుక. తలలు తుంచేసి గోరువెచ్చని నీళ్ళలో అరగంట నానబెడితే గిన్నె అడుగున ఇసుక తేరుకుంటుంది. నీళ్ళు రెండుసార్లు మార్చి, అడుగున ఏమీ కనబడకపోతే అప్పుడు తీయండి. నూనె లేకుండా పెనం మీద సన్నటి సెగన తడి ఆరేదాకా వేపి, కత్తెరతో ఒక్కోదాన్ని మూడు ముక్కలు చేయండి. ఇవి రోజువారీ వాడకానికి కాదు, కష్టమైన చోట్ల కోసం దాచుకోవాలి. కోడి కార్జం కూడా అంతే. అందులో విటమిన్ ఎ మరీ ఎక్కువ, వారానికి రెండు రోజులు, నాలుగైదు చిన్న ముక్కలు చాలు.

ఒకేసారి వారానికి సరిపడా చేసుకోవాలంటే చోడిపిండి (రాగిపిండి) ముక్కలు మేలు. ఉడికించిన కోడి 100 గ్రాములు మిక్సీలో వేసి, ఒక గుడ్డు, 50 గ్రాముల చోడిపిండి కలపండి. ఇడ్లీ రేకుల్లో అర సెంటీమీటరు మందాన పరిచి 12 నిమిషాలు ఆవిరికి పెట్టండి. పూర్తిగా చల్లారాక కోయాలి. గ్రాముకు సుమారు 2 కేలరీలు పడుతుంది. ముక్క వేళ్ళకు అంటుకుంటోందంటే తడి ఎక్కువైనట్టు, ఇంకో చెంచా పిండి వేయండి. విరిగిపోతోందంటే పిండి ఎక్కువైనట్టు. ఫ్రిజ్‌లో మూడు రోజులు, మిగతాది డీప్ ఫ్రీజర్లో. మన ఉక్కపోతలో జేబులో గంట దాటిన మాంసం ముక్క తిరిగి డబ్బాలో వేయొద్దు.

చేతికి రానివ్వకూడనివి

ఉల్లి, వెల్లుల్లి రక్తకణాలను విరగ్గొడతాయి, వండినా అంతే. ద్రాక్ష, కిస్‌మిస్ మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. వాటిలోని టార్టారిక్ ఆమ్లమే కారణమని పశువైద్యులు అనుమానిస్తున్నారు. అదే ఆమ్లం చింతపండులో దండిగా ఉంటుంది. అంటే చేపల పులుసులోంచి తీసిన ముక్కలో ఉల్లి, వెల్లుల్లి, చింతపండు, ఉప్పు అన్నీ కలిసే ఉన్నాయి. కడిగి పెట్టినా వద్దు. చాక్లెట్టు, జైలిటాల్ వేసిన షుగర్-ఫ్రీ చూయింగ్ గమ్ లాంటివి, వండిన ఎముకలు కూడా దూరం. బూజు వాసన ఉన్న వేరుశనగ పారేయండి.

జీడిపప్పు విషం కాదు, కానీ దాదాపు సగం కొవ్వే. పలాస, ఉద్దానం ఇళ్ళలో అసలు ప్రమాదం పప్పుతో కాదు, ఆరబోసిన జీడిపిక్కలతో. పెంకులోని నూనె నోటిని కాలుస్తుంది. పిల్లను ఆ కళ్ళం దగ్గర వదలకండి. పనసపిక్క, మామిడి టెంక మింగితే పేగులో అడ్డుపడతాయి.

ఇలాంటివేవైనా తిన్నదని తెలిస్తే ఉప్పునీళ్ళు తాగించి కక్కించే ప్రయత్నం చెయ్యకండి. ఏం తిన్నది, ఎంత, ఎప్పుడు అన్నది రాసుకుని వెంటనే పశువైద్యుడి దగ్గరకు తీసుకెళ్ళండి.

ఎక్కడ ఏది

ఇంట్లో గదిలో: గిన్నెలో తినే తిండే. డాబా మీద, వసారాలో: చిలగడదుంప, పన్నీరు, చోడిపిండి ముక్క. వీధిలో: కోడి. మరో కుక్క కనిపించే చోట: నెత్తళ్ళు, కార్జం. ఈ వరస తిరగేస్తే, అంటే ఇంట్లోనే నెత్తళ్ళు పెడితే, బయటకు వెళ్ళాక ఇవ్వడానికి మీ దగ్గర పైమెట్టు మిగలదు. టీకాలు పూర్తికాని పిల్లను, అంటే సుమారు 16 వారాల దాకా, వీధి నేల మీద దించొద్దు. పార్వో అనే వైరస్ జబ్బు భయం ఉంటుంది. ఎత్తుకుని తిప్పుతూ ముక్కలు పెట్టొచ్చు.

విజయనగరం గంటస్తంభం దగ్గరో, శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలిలోనో, సిరిమానోత్సవం డప్పుల మధ్యనో పిల్ల కోడిముక్కను కూడా వాసన చూసి వదిలేస్తే, దానికి ఆ ముక్క నచ్చలేదనుకోకండి. భయంలో తిండి దిగదు. ముక్క మార్చడం దండగ. చప్పుడుకు దూరంగా తీసుకెళ్తే అదే ముక్కను అందుకుంటుంది.

ఏవి తేడా కొడతాయి

ముక్క చూపిస్తేనే కూర్చుంటోంది, చూపించకపోతే మీ వైపు వింతగా చూస్తోంది. ఇది అన్నిటికన్నా ఎక్కువగా వచ్చే ఫిర్యాదు. ముక్కను ముక్కు ముందు తిప్పి దారి చూపడం మొదటి అయిదారు సార్లకే. ఆపై ఖాళీ చేత్తో అదే సైగ చేసి, పని అయ్యాక రెండో చేత్తో, వెనక సంచిలోంచి తీసి ఇవ్వాలి. స్టీలు డబ్బా వాడేవాళ్ళకు ఇంకో చిక్కు ఉంది. మూత చప్పుడే ఆజ్ఞగా మారుతుంది, మీరు నోటితో చెప్పేది పిల్ల వినదు. నడుముకు గుడ్డ సంచి కట్టుకోండి.

వేళ్ళు కొరుకుతోందంటే ముక్కను వేలి చివరన పట్టుకుంటున్నారన్నమాట. అరచేతిలో పెట్టి చాపండి, లేదా నేల మీద వేయండి. కొరికినప్పుడు చెయ్యి వెనక్కి లాగితే ఎగబడటం నేర్చుకుంటుంది.

మీరు కొలిచి పెడుతుంటే మామ్మ పక్కనుంచి చేగోడీ వేస్తుంది. పెట్టొద్దంటే ఎవరూ వినరు. మామ్మకు కూడా ఓ చిన్న డబ్బాలో పది ముక్కలు ఇచ్చి, "కూర్చున్నాకే పెట్టండి మామ్మా" అనండి. ఆ పది కూడా రోజు లెక్కలోవే.

ఈ వారం పని

కొత్త తిండి ఒక్కోటిగా మొదలుపెట్టండి. మొదటి రోజు మూడు ముక్కలు, ఆపై రెండు రోజులు విరేచనం చూడండి. పల్చబడినా, పిల్ల చెవులూ పాదాలూ అదే పనిగా గోక్కున్నా ఆ తిండి ఆపండి. ఏ గొడవా లేకపోతేనే రెండోది. రెండు రకాలు సరిపడ్డాక, పిల్లకు ఆకలిగా ఉన్నప్పుడు, భోజనానికి అరగంట ముందు, రెండింటినీ పళ్ళెంలో జానెడు దూరంలో పెట్టి వదలండి. ప్రతిసారీ ఎడమ కుడి మారుస్తూ ఆరుసార్లు చేయండి. నాలుగుసార్లో అంతకన్నా ఎక్కువో ముందుగా తీసుకున్నది పైమెట్టు. మూడూ మూడూ వస్తే చవకైనదే వాడండి. వేడి చేస్తే వాసన పెరిగి ఫలితం తారుమారవుతుంది కనుక రెండూ ఒకే చల్లదనంలో ఉండాలి.

4వ పాఠానికి వచ్చేటప్పటికి మీ పుస్తకంలో నాలుగు వివరాలు ఉండాలి: పిల్ల బరువు, రోజు కేలరీలు, ట్రీట్ల కోటా, వరసగా మూడు మెట్ల ముక్కలు. బరువు వారానికోసారి తూచి మార్చాలి. పిల్లను ఎత్తుకుని కాటా ఎక్కి, మీ బరువు తీసేస్తే తెలుస్తుంది.