‘గైస్’ అనే ముందు ఒక్క మాట

మన శ్రీకాకుళం వైపు ‘గుంటడు’ అంటే మగపిల్లాడు, ‘గుంట’ అంటే ఆడపిల్ల. ‘గుంటలొచ్చీసారేటి?’ అంటే ఇద్దరూ కలిసిపోతారు. ఇంగ్లిష్ ‘గై’ కూడా దాదాపు ఇంతే. ఒక్కడి గురించి ‘నైస్ గై’ అంటే మంచి కుర్రాడనే. అమ్మాయిని అలా అనరు. ఎదురుగా ఉన్న గుంపుని ‘హాయ్ గైస్’ అని పిలిస్తే మాత్రం అందులో అమ్మాయిలూ ఉండొచ్చు. అక్కడ లేనివాళ్ల గురించి ‘ద గైస్’ అన్నారో, మళ్లీ మగవాళ్లే గుర్తొస్తారు. మన పిల్లలు పొరబడేది ఇక్కడే.

ఈ మాట వెనక ఓ మనిషి ఉన్నాడు. 1605లో లండన్‌లో పార్లమెంటును పేల్చే కుట్రలో దొరికిన గై ఫాక్స్. ఏటా నవంబరు 5న అతని దిష్టిబొమ్మ కాల్చేవారు, ఆ బొమ్మనీ ‘గై’ అన్నారు. తర్వాత వింతగా బట్టలు కట్టినవాణ్ణి, ఈ మాట అమెరికా వెళ్లాక మామూలు మగవాణ్ణి కూడా ‘గై’ అన్నారు.

మొన్న మా మేనకోడలు ఉద్యోగానికి మెయిల్ రాస్తూ మొదటి వరుసలోనే ‘హాయ్ గైస్’ అని పెట్టింది. పంపకముందే నా కంట పడింది. “మీ హెడ్మాస్టారి గదిలోకెళ్లి ‘ఏటి గుంటలూ’ అంటావేటమ్మా?” అన్నాను. వెంటనే చెరిపి ‘డియర్ సర్ ఆర్ మేడమ్’ అని మార్చింది.

స్నేహితుల దగ్గర ‘గైస్’ హాయిగా వాడండి. ఇంటర్వ్యూలో, పెద్దల ముందు, ఆడవాళ్లున్న మీటింగులో ‘ఎవ్రీవన్’ అనండి.