ఓవెన్‌లో ఎఫ్3 కోడ్: సెన్సర్ మార్చినా పోలేదు, చివరికి దొరికింది

ఓవెన్ ఆన్ చేసిన పది నిమిషాలకు బీప్ కొట్టి ఎఫ్3 అనే లోపం కోడ్ చూపించి ఆగిపోయేది. చల్లగా ఉన్నప్పుడు ఏ గొడవా లేదు. బ్రేకర్ ఆపి మళ్లీ వేశాను, లోపలి వేడిని కొలిచే సెన్సర్ కొత్తది వేశాను, కంట్రోల్ బోర్డు కూడా కొనబోయి ఆగాను.

పనిచేసింది ఇది. ముందు కరెంటు పూర్తిగా తీసేశాను, బ్రేకర్‌తో సహా. సెన్సర్ ప్లగ్గు విప్పి మల్టీమీటర్‌తో దాని రెండు తీగల మధ్య నిరోధం కొలిస్తే 1,090 ఓములు. గది వేడిలో అంతే ఉండాలి, అంటే సెన్సర్ మంచిదే. (పాతది కొలిస్తే అదీ అంతే! కొనకముందే కొలవాల్సింది.) ప్లగ్గు మళ్లీ పెట్టి, ఈసారి బోర్డు దగ్గర సెన్సర్ తీగల కనెక్టర్ ఊడదీసి అక్కడ కొలిచాను. 1,160, అంటే 70 ఎక్కువ. వెనకవైపు సెన్సర్ ప్లగ్గును వేలితో కదిపితే అంకె ఎగిరెగిరి పడింది. అక్కడే దొరికింది దొంగ: ఒక పిన్ను నల్లగా మాడి వదులైంది.

ఈ సెన్సర్‌లో సుమారు 4 ఓములు పెరిగితే బోర్డు ఒక డిగ్రీ సెల్సియస్ ఎక్కువనుకుంటుంది. వేడికి పిన్ను పూర్తిగా విడిపోతే తీగ తెగిందనుకుని కోడ్ ఇస్తుంది. మాడిన ప్లగ్గు కత్తిరించి, వేడికి తట్టుకునే సిరామిక్ కనెక్టర్లతో తీగలు కలిపాను. మామూలు టేపు అక్కడ కరిగిపోతుంది.

మూడు వారాలైంది, కోడ్ రాలేదు. అయితే ఎఫ్3 అర్థం కంపెనీని బట్టి మారుతుంది, మీ మాన్యువల్ చూసుకోండి. చల్లగా ఉన్నప్పుడే కోడ్ వస్తుంటే మీ సమస్య వేరే కావచ్చు.