ఎత్తెక్కే సైకిల్‌కి కావలసింది చిన్న గేరు

నా సైకిల్‌కి గేర్లు లేవు. ముందు చైన్‌వీల్‌కి 44 పళ్లు, వెనక ఫ్రీవీల్‌కి 18. చదును రోడ్డు మీద ఆ జోడీ హాయిగా ఉండేది. రోజూ దాటాల్సిన ఎత్తు దగ్గరికొచ్చేసరికి మాత్రం సీటు మీంచి లేచి, ఒంటి బరువంతా పెడల్ మీద వేసి తొక్కేవాణ్ణి. రెండు నెలలు మోకాళ్లు నొప్పెట్టాక గేర్లు పెట్టాలని నిశ్చయించుకున్నాను.

మీరు రెంచీ పట్టుకునే ముందు పళ్లు లెక్కపెట్టండి. 44ని 18తో భాగిస్తే 2.44. పెడల్ ఒక చుట్టు తిరిగితే వెనక చక్రం 2.44 చుట్లు తిరుగుతుందన్నమాట. టైరు మీదా నేల మీదా సుద్దతో గుర్తు పెట్టి, సైకిల్‌ని చక్రం ఒక చుట్టు తిరిగేదాకా నడిపించి కొలిచాను: 2.1 మీటర్లు. అంటే పెడల్ చుట్టుకి 5.1 మీటర్లు. ఈ దూరం తగ్గేకొద్దీ ఎత్తెక్కడం తేలిక. నేను రోజూ ఎక్కే ఎత్తుకి కావలసింది 3 మీటర్ల దరిదాపు. ఈ అంకె తేలాక ఏడు గేర్లా, ఎనిమిదా అన్న యావ నాకు పోయింది.

మీ దారిలో ఎత్తు కొంచెమే అయితే గేర్లే అక్కర్లేదు. 18 పళ్ల ఫ్రీవీల్ తీసి 22ది వేస్తే 4.2 మీటర్లకి దిగుతుంది. పళ్లు 4 పెరిగాయి కాబట్టి చైన్ ఒక అంగుళం పొడవు కావాలి, లేదా చక్రం అర అంగుళం ముందుకి జరగాలి. జరిపితే బ్రేక్ రబ్బర్లు రిమ్ము మీద సరిగ్గా పడుతున్నాయో లేదో చూసుకోండి. పాత ఫ్రీవీల్ తొక్కినకొద్దీ బిగుసుకుని ఉంటుంది. దాని గాడికి సరిపడే పనిముట్టు లేకుండా సుత్తితో కొట్టి ఊడదీయకండి.

అంతకు మించిన ఎత్తుకి రెండు దారులు. ఒకటి డిరైలర్, అంటే చైన్‌ని ఒక పళ్ల చక్రం మీంచి ఇంకోదాని మీదికి జరిపే పరికరం. అది పెట్టాలంటే వెనక ఫోర్కు లోపలి వెడల్పు సాధారణంగా 130 లేదా 135 మిల్లీమీటర్లు ఉండాలి. గేర్లు లేని ఫ్రేముల్లో అది చాలావరకు 110 లేదా 120 మాత్రమే. స్టీలు ఫ్రేమును తెలిసినవాళ్లు మెల్లగా విప్పారించగలరు, అల్యూమినియం దాన్ని మాత్రం అసలు ముట్టుకోవద్దు. పైగా డిరైలర్ తగిలించే కొక్కెం ఉండదు, విడిగా బిగించాలి.

నేను రెండోది, గేర్లన్నీ లోపలే దాగి ఉండే హబ్ (చక్రం నడిమి భాగం) ఎంచుకున్నాను: షిమానో నెక్సస్ 3. నా ఫోర్కు వెడల్పు 120, ఆ హబ్బుకీ అంతే. చైన్ ఒకే వరుసలో తిరుగుతుంది. ఇరుసు కూర్చునే గాడి అడ్డంగా ఉంది కాబట్టి చైన్ బిగువుకి వేరే సరంజామా అక్కర్లేదు. హబ్బుకి 22 పళ్ల చక్రం వేశాను. ఒకటో గేరులో 3.1 మీటర్లు, రెండులో 4.2, మూడులో 5.7. పాత 5.1 కంటే మూడోది పెద్దదే, చదును మీద నష్టమేమీ లేదు. మీది పెడల్ వెనక్కి తొక్కితే ఆగే ఫుట్‌బ్రేక్ సైకిలైతే, ఫుట్‌బ్రేక్ ఉన్న హబ్బే అడిగి తీసుకోండి.

రిమ్ముకి 36 రంధ్రాలుంటే హబ్బుకీ 36 ఉండాలి. హబ్ లావుగా ఉంటుంది, పాత స్పోకులు పొడవైపోతాయి. పొడవు లెక్క కట్టించి కొత్తవి తీసుకోండి. చక్రం అల్లడం నేను చేయలేదు, చేయి తిరిగినవాళ్లకే ఇచ్చాను.

బిగించేటప్పుడు ఇరుసు తిరగకుండా ఆపే వాషర్లు రెండు ఉంటాయి. వాటి నాలుక ఫ్రేము గాడిలో కూర్చోవాలి. మొదటిసారి ఒకదాన్ని నేను తలకిందులుగా వేశాను. ఎత్తు మధ్యలో ఇరుసు కదిలి, గేరు కేబుల్ లాగేసి, ఒకటో గేరు దొరక్కుండా పోయింది. నట్లు బిగించాక ఆ నాలుకల్ని వేలితో తడిమి చూడండి.

కేబుల్ సరిచేయడానికి గేరు మార్చే మీటని 2లో పెట్టి, పెడల్ కాస్త తిప్పి, హబ్ పక్కనున్న చిన్న కిటికీలో కనిపించే గుర్తు రెండు గీతల మధ్యకి వచ్చేదాకా కేబుల్ బిగువు మార్చే అడ్జస్టర్ తిప్పాలి. గేరు మార్చేటప్పుడు పెడల్ మీద బలం ఒక్క క్షణం తీసేయండి. ఆగి ఉన్నప్పుడు కూడా మారుతుంది, ఎత్తు మొదట్లో సిగ్నల్ పడితే ఆ సుఖం తెలుస్తుంది. కొత్త కేబుల్ మొదటి వారం సాగుతుంది, కిటికీలో మళ్లీ చూసి సరిచేసుకోండి.